వాడిన వస్తువు ఎవరికి ఇవ్వాలి?

దీపావళికి పదిరోజుల ముందునుంచి ఢిల్లీ నగరంలో అట్టపెట్టెలు సంచారం సాగిస్తాయి. కరోల్‌బాగ్ నుంచి ద్వారకకు, ద్వారక నుంచి గుర్‌గావ్‌కు, అక్కడినుంచి నోయిడాకు, మళ్లీ కరోల్‌బాగ్‌కు. బాదంపప్పు, జీడిపప్పు, పిస్తా, ఎండుద్రాక్ష నాలుగు గళ్లలో సర్దిన పెట్టె ఒకటి. వెండినీరు పోసిన గిన్నెల జత ఒకటి. అన్నిటినీ మించి సోన్‌పాపిడి. ఈ మిఠాయిని గూర్చి ఉత్తరాదిన ఏటేటా పుట్టే పరిహాసాలకు లెక్కలేదు. ఒక ఇంటికి వచ్చిన పెట్టె మూత తెరవకుండానే మరొక ఇంటికి పోతుందనీ, ఇల్లిల్లూ తిరిగి చివరకు పంపినవాని గడపకే వచ్చి చేరుతుందనీ చెప్పుకొని నవ్వుకుంటారు. పరిహాసమే అయినా అందులో అసత్యం లేదు. పైకాగితం చినగనంతవరకు ఆ పెట్టె కొత్తది. పది చేతులు మారినా కొత్తదే. దానిని ఎవరూ కోరలేదు, ఎవరూ తినలేదు; అయినా అది మర్యాద గల కానుక.

అదే ఇంట్లో అదే వారంలో మరొక ఇచ్చిపుచ్చుకోలు జరుగుతుంది. పండుగకు ఇల్లు సర్దుతూ ఇల్లాలు బీరువా అడుగునుంచి నాలుగేళ్లనాటి చీర ఒకటి తీస్తుంది. అంచు చెక్కు చెదరలేదు, రంగు వెలవలేదు. దానిని వంటింటి గుమ్మం దగ్గర నిలబడిన పనిమనిషికి ఇస్తుంది. ఆమె దండం పెట్టి పుచ్చుకుంటుంది. ఇచ్చినవారికి తృప్తి, పుచ్చుకున్నవారికి కృతజ్ఞత; లోకం దృష్టిలో ఇది ఉభయతారకమైన కార్యం. కాని ఆ ఇల్లాలిని ఒక్క ప్రశ్న అడిగి చూడవలె: అంత మంచి చీర కదా, దానిని ఆడపడుచుకు ఎందుకు పెట్టలేదు? ఆమె నొచ్చుకుంటుంది. కట్టివిడిచిన చీర ఆడపడుచుకు పెట్టడమా? ఆ మాట పుట్టింట తెలిస్తే, అత్తింట తెలిస్తే, ఇక రాకపోకలు సాగుతాయా?

ఈ నొచ్చుకోలులోనే అసలు సంగతి యావత్తూ ఉన్నది. వాడిన వస్తువు కానుకగా పనికిరాదని ఎవరూ నిజంగా నమ్మడం లేదు. పైనున్నవారు కిందివారికి ఇచ్చేటప్పుడు అది పనికివస్తుంది. సమానులకు ఇచ్చేటప్పుడు పనికిరాదు. కనుక దోషం వస్తువులో లేదు, అది పోయే దిక్కులో ఉన్నది. సమానులకు ఇవ్వడానికి సిగ్గుపడే వస్తువును కిందివారికి ఇచ్చి, దానిని కానుక అని పిలవడం ఆ మాటను చెరపడమే.

తెలుగువారు ఉత్తరాదివారి సోన్‌పాపిడిని చూసి నవ్వడానికి ముందు తమ ఇళ్లలోని రవికెగుడ్డను ఒకసారి తలచుకోవలె. పేరంటానికి వచ్చిన ముత్తైదువకు పసుపుకుంకుమలతో, తాంబూలంతో పెట్టే ఆ గుడ్డకు ఢిల్లీ రామకృష్ణపురంలో పెట్టినా, కోనసీమ అమలాపురంలో పెట్టినా జాతకం ఒక్కటే. చాలా గుడ్డలు కత్తెరను ఎరుగవు. ఏ చీరకూ జత కుదరక, ఏ భుజానికీ కొలత చాలక, బీరువాలో దొంతరగా పేరి, వచ్చే శ్రావణంలో మరొకరి ఒడిలోకి పోతాయి. కుట్టించుకొనేందుకు కాక తిరిగి ఇచ్చేందుకే నేసినారా అనిపించే గుడ్డలూ ఉన్నవి. పసుపుకు అర్థమున్నది, కుంకుమకు అర్థమున్నది, ఆకువక్కలు నమిలితే నోరు పండుతుంది. ఆ రవికెగుడ్డకు మాత్రం కొత్తదనం అనే ఒక్క గుణం తప్ప మరే గుణమూ లేదు. ఆ ఒక్క గుణం కోసం మిగిలిన గుణాలన్నీ వదులుకోవడానికి ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఇద్దరూ ఒప్పుకున్నారు.

వాడినవి ఇవ్వరాదని వాదించేవారు మొదట కఠోపనిషత్తును ముందుకు తెస్తారు. వాజశ్రవసుడు యజ్ఞం చేసి సర్వస్వమూ దక్షిణగా ఇస్తున్నానని చెప్పి గోవులను ఇచ్చినాడు. అవి ఎట్టివి? నీరు త్రాగడం, మేత మేయడం, పాలివ్వడం, ఈనడం అన్నీ ముగిసిన ఆవులు. కుమారుడు నచికేతుడు వాటిని చూసి కలతచెంది, నన్ను ఎవరికి ఇస్తావని తండ్రిని ముమ్మారు అడిగినాడు. కోపించిన తండ్రి మృత్యువుకు ఇస్తానన్నాడు. ఇంతకన్న పెద్ద ప్రమాణం ఏమి కావలెనని వారి వాదం. కాని ఆ కథను నిదానంగా చదివినవారికి తేలేది వేరు. ఆ ఆవుల దోషం వయస్సు కాదు. వాటివల్ల పుచ్చుకున్నవానికి ప్రయోజనం లేదు, మేపే భారం మాత్రమే ఉన్నది. ఇచ్చినవాడు వాటిని ఇవ్వలేదు, వదిలించుకున్నాడు. కుమారునికి కోపం తెప్పించినది వదిలించుకోవడానికి దానమని పేరుపెట్టిన పని. ఆ లెక్కన మూత తెరవని సోన్‌పాపిడి పెట్టె, ఎంత మెరుగు కాగితం చుట్టుకున్నా, వాజశ్రవసుని ఆవుకు దగ్గరి చుట్టమే అవుతుంది.

నచికేతుణ్ణి ఉదాహరించేవారు సాధారణంగా మనుస్మృతి పదవ అధ్యాయాన్ని ఉదాహరించరు. సేవచేసే శూద్రునికి తిని మిగిలిన అన్నం, జీర్ణవస్త్రాలు, తాలుగింజలు, పాతబడిన ఇంటిసామాను ఇవ్వవలెనని అక్కడ విధించి ఉన్నది. పాతది ఎవరికి, కొత్తది ఎవరికి అన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పిన గ్రంథం మరొకటి కనిపించదు. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వాన ఆ గ్రంథాన్ని దహనం చేసినారు. గ్రంథం కాలింది, ఆ శ్లోకం మాత్రం వంటింటి గుమ్మాల దగ్గర నేటికీ నిరాటంకంగా అమలు జరుగుతున్నది. చీర ఇచ్చే ఇల్లాలు ఆ శ్లోకం పేరైనా విని ఉండకపోవచ్చును. ఆచారానికి శ్లోకం తెలియనక్కరలేదు.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా పురాణాలలోనే ఉన్నది. భాగవతంలో కుచేలుని భార్య పొరుగిళ్లలో అడిగి నాలుగు పిడికిళ్ల అటుకులు తెచ్చి, గుడ్డపేలికలో మూటగట్టి భర్త చేతికిచ్చింది. ఆ కానుకలో డబ్బుపెట్టి కొన్నది ఒక్కటీ లేదు. అటుకులు ఇరుగుపొరుగువారివి, మూట పాతగుడ్డది. ద్వారకలో (ఢిల్లీలోని ద్వారక కాదు) కుచేలుడు దానిని బయటపెట్టడానికి సిగ్గుపడితే, శ్రీకృష్ణుడు తానే లాగికొని తిన్నాడు. ఇక్కడ దిక్కు తలక్రిందులైన సంగతి గమనించవలె. పాతగుడ్డ కిందినుంచి పైకి పోయింది. కుచేలుని సిగ్గంతా అందుకే. ఆ సిగ్గును కృష్ణుడు మన్నించలేదు.

ఢిల్లీవారికి పురాణాలదాకా పోవలసిన పని కూడా లేదు. వారి నగరచరిత్రలోనే ఉదాహరణలున్నవి. మొగలు దర్బారులో ఖిల్లతు అనే గౌరవవస్త్రం ఉండేది. అందులోనూ పాదుషా తన ఒంటిమీద వేసుకొని తీసి ఇచ్చిన అంగీకి బొక్కసంనుంచి తెచ్చిన కొత్త అంగీకన్న గౌరవం హెచ్చు. ధరించినవాని తేజస్సు కొంత వస్త్రంలో నిలిచి ఉంటుందని వారి నమ్మకం. 1616లో అజ్మీరులో రాకుమారుడు ఖుర్రం, అనగా తరువాత షాజహాను అనే పేర ఢిల్లీలో ఎర్రకోటను కట్టించినవాడు, ఇంగ్లండు రాజు దూత సర్ టామస్ రో భుజాలమీద తాను ఒకటి రెండుసార్లు ధరించిన జరీ ఉత్తరీయాన్ని కప్పించినాడు. రో తన దినచర్యలో బహు అయిష్టంగా వందనం చేసినట్లు వ్రాసుకొన్నాడు. ఒకే వస్త్రం, ఇచ్చిన చేతికి అది అత్యున్నత గౌరవం, పుచ్చుకున్న భుజానికి బరువు. నేటి ఢిల్లీ మధ్యతరగతి తన మర్యాదలు మొగలుల నాటివని ఎంత గర్వించినా, ఈ ఒక్క విషయంలో సర్ టామస్ రో సంతతి.

ఖిల్లతును మెచ్చుకోవడంలోనూ ఒక హద్దు ఉండవలె. అదీ పైనుంచి కిందికి దిగినదే. దానిని భుజాన వేసుకొన్నవాడు తల వంచవలసిందే. దానినుంచి గ్రహించవలసినది ఒక్కటే: వాడినది కనుక హీనమన్న భావం సనాతనమూ కాదు, సార్వత్రికమూ కాదు. ఇక కానుకను తిరిగి కానుకగా పంపడం విషయానికి వస్తే, ఆ పనిలో ప్రభుత్వాలను మించినవారు లేరు. ఆంగ్లప్రభుత్వం ఒక సంస్థానాధిపతి ఇచ్చిన వస్తువును తోషాఖానాలో భద్రపరచి మరొక సంస్థానాధిపతికి బహూకరించేది. ప్రధానమంత్రికి వచ్చిన కానుకలను 2019 జనవరిలో ఢిల్లీ జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో వేలంవేసి, ఆ సొమ్మును గంగానది శుద్ధికి కేటాయించినారు. దేశంలో అత్యున్నతమైన ఇంట ఇది చెల్లినప్పుడు మయూర్‌విహార్ మూడో అంతస్తులో ఎందుకు చెల్లదో చెప్పగలవారు ముందుకు రావలె.

వాడిన వస్తువుకు ఢిల్లీలో నిజమైన గౌరవం దక్కిన రోజులు 1947 చలికాలంలో వచ్చినవి. పురానాకిలా, హుమాయూను సమాధి, కింగ్స్‌వే శిబిరం శరణార్థులతో నిండిపోయినవి. ఆ అక్టోబరులో గాంధీ ప్రార్థనసభలలో రజాయిలు, కంబళ్లు కావలెనని పదే పదే అడిగినాడు. మంచు దిగకుండా రజాయిమీద వార్తాపత్రికలు కప్పుకోవచ్చునని కూడా చెప్పినాడు. పాత పత్రికకు అంతకన్న సార్థకత ఏ సంపాదకుడు కల్పించగలడు? అదే నవంబరులో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ వివాహం. ఏమి పంపవచ్చునని గాంధీ అడిగితే, స్వయంగా వడికిన నూలుతో ఏదైనా అల్లించి పంపవచ్చునని మౌంట్‌బాటెన్ సలహా చెప్పినాడు. ఆ నూలుతో అల్లిన చిన్న వస్త్రం, నడుమ జై హింద్ అన్న అక్షరాలతో, లండను చేరింది. పెండ్లికూతురి పితామహి మేరీ రాణి దానిని గోచీగుడ్డ అనుకొని ఆగ్రహించిందని ప్రసిద్ధి. అది వాడిన వస్త్రం కాదు. కాని అంగడి ముద్రలేని కానుక ఎట్టి చూపును ఎదుర్కొనవలసివస్తుందో తెలియడానికి అది చాలును.

ఇక ఇప్పటి ఢిల్లీలో విడిచిన బట్టకు ఏమి గతి పడుతున్నదో చూడవలె. పశ్చిమ ఢిల్లీలోని రఘుబీర్ నగర్‌లో తెల్లవారకమునుపే ఒక అంగడి సాగుతుంది. గుజరాతునుంచి వలసవచ్చిన వాఘ్రీలు, దేవీపూజకులని కూడా వారిని పిలుస్తారు, ఆ అంగడికి ప్రాణం. వారి స్త్రీలు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ తొట్లు నెత్తిన పెట్టుకొని వీధివీధి తిరిగి, పాతబట్టలకు సామాను మారుస్తారు. తెలుగు ఊళ్లలోనూ పాతచీరలకు స్టీలు సామాను ఇస్తామని కేకవేస్తూ వచ్చేవారిని ఎరుగనివారు లేరు. ఇల్లాలు నాలుగు చీరలు వేసి గిన్నె పెద్దది కావలెనంటుంది; ఆమె చిన్నది చూపి మరొక చొక్కా వేయమంటుంది. అరగంట బేరం సాగుతుంది. గమనించవలసిన వింత ఇది: పనిమనిషికి ఊరకనే ఇచ్చేటప్పుడు చీర విలువ ఎంతో లెక్కకట్టని ఇల్లాలు, వాఘ్రీ స్త్రీ ఎదుట ఆ చీర పెండ్లిలో ఎంతపెట్టి కొన్నదో, ఎన్నిసార్లు మాత్రమే కట్టిందో పూసగుచ్చినట్లు చెబుతుంది. బేరమున్నచోట పాతచీర గుణాలు గుర్తుకువస్తాయి, దయ ఉన్నచోట మరుపునపడతాయి.

అంగడిలో ఆ బట్టలకు అసలు పరీక్ష. కొనేవాడు చీరను వెలుతురుకు ఎత్తిపట్టి చిరుగు వెదుకుతాడు, అంచు నలిపి చూస్తాడు, మరకను గోటితో గీకుతాడు. మంచివి ఉతికి ఇస్త్రీ చేసి, మళ్లీ చీరలుగా అమ్ముతారు. పట్టువి కోసి దిండుగలీబులుగా, సంచులుగా, లంగాలుగా కుడతారు. జరీ కాల్చి వెండి తీస్తారు. దేనికీ పనికిరానిది యంత్రాలు తుడిచే పేలిక అవుతుంది. నగరానికి ఉత్తరాన సుమారు తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పానిపట్టుకు సముద్రాలు దాటి విదేశాల ఉన్నిబట్టలు వస్తాయి; అక్కడ వాటిని చీల్చి, దువ్వి, మళ్లీ వడికి, కంబళ్లు నేస్తారు. వరదలలో, భూకంపాలలో పంచే చవుక కంబళ్లలో అనేకం ఈ కంబళ్లే. ఇన్ని వేలమంది చేతులు బట్టను తిరిగి బట్టగా నిలబెట్టడానికి శ్రమిస్తున్నవి. ఆ శ్రమంతా కంటికి కనిపించదు. కనిపించేది అవతల తూర్పున గాజీపూర్‌లో 2002 నాటికే నిండిపోయినా ఇంకా పెరిగిన చెత్తకొండ. అది 2017 సెప్టెంబరు 1న కూలి ఇద్దరి ప్రాణాలు తీసింది.

ఇందులో పరిహాసాస్పదమైన ఘట్టం ఒకటి ఉన్నది, దానిని దాటిపోవడం అన్యాయమవుతుంది. ఇల్లాలు గిన్నెకు మార్చిన పట్టుచీర రఘుబీర్ నగర్ చేరి, కత్తెరకు లోనై, దిండుగలీబుగా మారి, దక్షిణ ఢిల్లీలో చల్లని గాజుతలుపుల దుకాణంలో ప్రత్యక్షమవుతుంది. దానికి ఒక చీటీ కట్టి ఉంటుంది: పునరుపయోగం, భూమాత, పర్యావరణం వగైరా. ఇప్పుడు అదే ఇల్లాలు దానిని పదింతల వెలపెట్టి కొని, అదే ఆడపడుచుకు దీపావళి కానుకగా పంపుతుంది. ఆడపడుచు మురిసిపోతుంది. ఇప్పుడు అది కట్టివిడిచిన చీర కాదా? కాదు, ఎందుకంటే దానిమీద ధర వేసి ఉన్నది. వాడినదాని మైలను కడిగే తీర్థం డబ్బు ఒక్కటేనని తేలిపోయింది. పర్యావరణాన్ని గూర్చి ఉపన్యసించే కొత్త భక్తులు ఈ వ్యాపారాన్ని చూసి మురిసిపోతారు గాని, ఇందులో పాతవస్తువుకు గౌరవం దక్కలేదు, దుకాణానికి దక్కింది. చీర వదిలినవారి పేరు, బేరమాడిన వాఘ్రీ స్త్రీ పేరు, కుట్టిన దర్జీ పేరు ఆ చీటీమీద ఉండవు.

దీనికి భిన్నమైన ప్రయత్నం కూడా ఈ నగరంలోనే పుట్టింది. 1999లో అంశు గుప్త 67 బట్టలతో గూంజ్ అనే సంస్థను ఆరంభించినాడు. ఈ కృషికి 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరంలో దేశం నలుమూలలనుంచి వచ్చిన పాతబట్టలు గుట్టలుగా రోడ్లపక్కన పడి ఉండడం లోకం చూసింది. సర్వస్వం పోగొట్టుకున్న బెస్తవారు కూడా వాటిని తాకలేదు. ఆ గుట్టలను ఏరి వేరుచేసే పని ఈ సంస్థ తలకెత్తుకున్నది. దాని పద్ధతిలో ముఖ్యమైనది వేరొకటి: గ్రామస్థులు తామే నిర్ణయించుకొని బావి తవ్వుతారు, చెరువు పూడిక తీస్తారు, బాట వేసుకుంటారు, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు అందుతాయి. దండం లేదు. చింకిగుడ్డను కూడా పారవేయక, స్త్రీల నెలసరికి పనికివచ్చే నూలుగుడ్డలుగా మలుస్తారు. పాతబట్ట ఇక్కడా పట్టణంనుంచి పల్లెకు, ఉన్నవారినుంచి లేనివారికే పోతున్నది నిజమే. కాని దిక్కు మార్చలేకపోయినా దానిలోని అవమానాన్ని తొలగించవచ్చునని ఈ ఏర్పాటు చూపింది. అయితే మూటను అక్కడికి పంపి చేతులు దులుపుకొన్న నగరవాసికి ఇందులో పుణ్యం ఏమీ లేదు. ఏరినవారిది, ఉతికినవారిది, తవ్వినవారిది ఆ పుణ్యం.

మరి వాడిన వస్తువు కానుక కావలెనంటే ఏమి కావలె? మొదట ఇచ్చేవారికి దానితో కొంత బంధం ఉండవలె; వదులుకుంటే కొంచెమైనా వెలితి కలగవలె. రెండవది, దానిమీద కొంత పని జరగవలె. పెద్దమ్మ పట్టుచీర చెల్లెలి కూతురికి పరికిణీ అయినప్పుడు, తాతగారి చేతిగడియారం కొత్త తోలుపట్టీతో మనుమని మణికట్టుకు చేరినప్పుడు, అమ్మ చీరలన్నీ పొరలుపొరలుగా పరచి కుట్టిన బొంత కాపురానికి పోయే కూతురి పెట్టెలో చేరినప్పుడు ఎవరికీ సిగ్గు కలగదు. అక్కడ సమానులమధ్యనే పాతది చేతులు మారుతున్నది. ఆ బొంత వెల అడిగే మూర్ఖుడు ఉండడు. ఎక్కడ ప్రేమ ధారాళంగా ఉన్నదో అక్కడ పాతది మర్యాద పొందుతూనే ఉన్నది. మర్యాద అనే పదార్థం ప్రేమ స్థానాన్ని ఆక్రమించినచోటనే కొత్తదనం తప్పనిసరి అయింది.

బౌద్ధ వినయపిటకంలో ఒక సంభాషణ ఉన్నది. కౌశాంబిలో ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు ఆనందునికి ఐదువందల చీవరాలు సమర్పించినారు. ఇన్ని ఏమి చేసుకుంటావని రాజు అనుమానంతో అడిగినాడు. బట్టలు జీర్ణించిన భిక్షువులకు పంచుతాను అన్నాడు ఆనందుడు. వారి పాతబట్టలు? పరుపులమీద కప్పుతాము. ఆ కప్పిన పాతవి? పరుపులకు గలీబులు. పాత గలీబులు? నేలమీద పరుస్తాము. ఆ పరచినవి పాతబడితే? కాళ్లు తుడుచుకుంటాము. అవీ పోతే? దుమ్ము దులుపుతాము. చివరకు ముక్కలుచేసి మట్టిలో కలిపి నేలకు మెత్తుతాము. రాజు సంతోషించి మరి ఐదువందలు ఇచ్చినాడు. దానం పుచ్చుకొనేవాడు దాతకు లెక్క చెప్పిన ఘట్టమిది, చెప్పించుకున్నందుకు రాజు సిగ్గుపడవలసిన ఘట్టం కూడా. కాని ఒక్క బట్టకు ఇన్ని జన్మలున్నవని తెలిసిన సమాజం, నాలుగేళ్ల చీరను చూసి ముక్కు విరిచేదాకా ఎట్లా వచ్చింది?

అశుభమని ఒక ఆక్షేపణ. ఎవరు కట్టినదో, ఏ దోషం అంటి ఉన్నదో అంటారు. దీనికి జవాబు పురిటింట్లోనే ఉన్నది. పుట్టిన బిడ్డను మొదట ఏ గుడ్డలో చుట్టుతారు? అమ్మమ్మ లేక నాయనమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలుచీర ముక్కలో. ఉయ్యాల కట్టేదీ పాతచీరతోనే. కొత్తగుడ్డ గంజి బిడ్డ ఒంటిని కోస్తుందని ప్రతి ముసలమ్మకూ తెలుసు. ఇంటికి ప్రాణమైన పసిబిడ్డకు శుభమైనది, ఆఫీసులో పక్కబల్ల స్నేహితునికి అశుభం కావడం విడ్డూరం.

వర్తకులు, చేతిపనివారు ఏమి కావలెనని మరొక ఆక్షేపణ. బాగుచేయడం కూడా చేతిపనే. బిజ్నూరు జిల్లా నజీబాబాదునుంచి వచ్చే రఫూగర్లు పష్మినా శాలువా చిరుగును పోగుపోగు కలిపి కన్ను కనిపెట్టలేనట్లు అతుకుతారు. అంత నేర్పు గలవారికి నేడు పని తగ్గుతున్నది. కారణం శాలువాలు చినగకపోవడం కాదు, చినిగినదానిని బాగుచేయించడం మానివేయడం. కళాయివాడు, గడియారం బాగుచేసేవాడు, పుస్తకాలకు అట్ట కట్టేవాడు అందరిదీ ఇదే కథ. దర్యాగంజ్ కాలిబాటమీద దశాబ్దాలపాటు సాగిన ఆదివారపు పాతపుస్తకాల అంగడిని ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు తరువాత 2019లో అక్కడినుంచి లేవగొట్టగా అది ఆసఫ్ అలీ రోడ్డు వైపున మహిళాహాట్ చేరింది. అక్కడ దొరికే పుస్తకంలో మొదటి పుటమీద ఎవరో ఎవరికో వ్రాసిన రెండు పంక్తులు ఉంటాయి. ఆ పంక్తులకింద మరొక పంక్తి వ్రాసి స్నేహితునికి ఇవ్వవచ్చును. కొత్త పుస్తకంలో ఒక్కరే స్నేహితులు, ఇందులో ముగ్గురు.

అన్నిటిలోకి బలమైన ఆక్షేపణ ఇంకా మిగిలి ఉన్నది, దానిని లేవదీసేది శాస్త్రులూ కారు, వర్తకులూ కారు. జీవితమంతా ఒకరు విడిచిన బట్టలే కట్టి, ఒకరి పిల్లలు చించిన పుస్తకాలే చదివి పెరిగినవారు ఉన్నారు. పాతవస్తువు గొప్పదనాన్ని వారికి బోధించేవారి ముఖం చూసి వారు నవ్వితే తప్పులేదు. పది కొత్త చీరలున్నవారికి పాతచీర ఒక అభిరుచి. ఒక్క కొత్త చీరా ఎరుగనివారికి అది పుట్టుకతో వచ్చిన శిక్ష. ఈ ఆక్షేపణకు ఎదురు వాదన లేదు, ఉండరాదు. అందుకే ఇచ్చే వరుసను మార్చవలసి ఉన్నది. బాగుచేయించిన పాతచీర, ఇది తన పెండ్లినాటిదని చెప్పి, ఆడపడుచుకు పోవలె. అంగడినుంచి మడత విప్పని కొత్త చీర వంటింటి గుమ్మానికి పోవలె. ఆడపడుచు అలిగితే అలుగుతుంది. కొన్నాళ్లు పోయినాక ఆమె కూడా ఒక పాత ఇత్తడి పందానో, తల్లి చేతి కుట్టున్న దిండుగలీబో పంపుతుంది.

పనిమనిషికి ఇచ్చే పాతచీర వెనుక మరొక లెక్క కూడా దాగి ఉన్నది. 1965లో వచ్చిన బోనసు చట్టం కర్మాగారాలనూ, ఇరవైమంది, అంతకు మించి పనిచేసే సంస్థలనూ ఉద్దేశించి చేసినది. గృహస్థుల వంటిల్లు దాని దృష్టిలో పడలేదు. చట్టం చూపులేని ఆ గుమ్మంలో పండుగ బోనసు స్థానాన్ని బీరువా అడుగునున్న చీర ఆక్రమించింది. ఆమెకు రావలసిన నెలజీతపు అదనం నోట్లుగా ఆమె చేతికి అందిన తరువాత, చీర ప్రసక్తి రావచ్చును. అప్పుడు కూడా ముందు అడగవలె. ఆమె వద్దనవచ్చును. కావలెననవచ్చును, ఏలయన చీర మంచిది, ఆమెకు కన్నులున్నవి. తీసుకొనిపోయి రఘుబీర్ నగర్‌నుంచి వచ్చే స్త్రీకి ఇచ్చి ఒక పెద్ద గిన్నె తెచ్చుకోవచ్చును. ఆ బేరంలో ఆమె ఇల్లాలికన్న గట్టిగా నిలబడవచ్చును కూడా. ఆ గిన్నెను గూర్చి మరునాడు ప్రశ్నించే హక్కు ఇచ్చినవారికి లేదు.